రాజీనామా చేస్తే పదవీ ప్రమాణం తప్పినట్టేనా?

సందేహాల_పుట్ట
చాలా రోజులుగా బుర్రలో తిరుగుతున్న డౌట్ ఇది. ఎన్నికైన వాళ్ళు పదవిలోకి వచ్చేముందు అందరి ముందు నిలబడి ప్రమాణం చేస్తారు కదా, రాజ్యాంగానికి విధేయంగా ఉంటాను, చేపట్టబోయే బాధ్యతని శ్రద్ధగా నిర్వహిస్తాను అని. అలా దేవుడి మీద ఒట్టేసిన మనిషి మధ్యలో ఒక కాగితం మీద రెండు లైన్లు రాసిచ్చి వెళ్ళిపోతే ఒట్టు తీసి గట్టున పెట్టినట్టు కాదా? చట్టం ఒప్పుకుంటుందని నాకూ తెలుసు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ప్రమాణం తప్పలేదు అనేయొచ్చా అనేదే నా ప్రశ్న. పార్టీల తిట్లు వద్దు ప్లీజ్, ఏ దేశం ఉదాహరణైనా పర్లేదు.

వెనక_బెంచీ
తప్పినట్టే అండి, ఇందులో చర్చేముంది. అలాస్కా గవర్నర్ సారా పేలిన్ గుర్తుందా, 2009 జులై 3న రాజీనామా ప్రకటించి అదే నెల 26న దిగిపోయింది, ఇంకా ఏడాదిన్నర దాకా టర్మ్ ఉంది. నా మీద ఎథిక్స్ కంప్లైంట్లు వేస్తున్నారు, టైమూ రాష్ట్రం డబ్బూ వేస్ట్ అవుతున్నాయి, మళ్ళీ పోటీ చెయ్యను కాబట్టి ఊరికే కుర్చీలో కూర్చోలేను అంది. అరె, అక్కడి ప్రమాణంలోనే ఉంది "నా శక్తి మేరకు శ్రద్ధగా విధులు నిర్వహిస్తాను" అని. విధులు నిర్వహించడం అంటే దిగిపోవడమా? ఓటేసినోళ్ళు నాలుగేళ్ళకి ఓటేశారు, రెండున్నరేళ్ళకి కాదు.

లాయర్_కాని_లాయర్
వెనకబెంచీ గారూ, ముందు ప్రమాణంలో ఏముందో చూద్దాం. మన రాజ్యాంగం మూడో షెడ్యూల్‌లో సభ్యుల ప్రమాణంలో ఉన్నవి మూడే మాటలు. రాజ్యాంగం పట్ల నిజమైన విశ్వాసం, విధేయత. దేశ సార్వభౌమాధికారం, సమగ్రత కాపాడటం (ఇది మొదట్లో లేదు, 1963లో 16వ సవరణతో వచ్చింది). చేపట్టబోయే కర్తవ్యాన్ని శ్రద్ధగా నిర్వహించడం. అంతే. అయిదేళ్ళూ ఉంటాను అనిగానీ, మీరు దింపేదాకా దిగను అనిగానీ ఎక్కడా లేదు. మంత్రులకైతే భయం, పక్షపాతం, రాగద్వేషాలు లేకుండా అందరికీ న్యాయం చేస్తాను అనేది ఇంకోటి కలుస్తుంది, రహస్యాలు కాపాడతాననే రెండో ప్రమాణం వేరే ఉంటుంది. అందులోనూ గడువు లేదు.

ఇంకో సంగతి, విధేయంగా ఉంటాను అని ఏ రాజ్యాంగానికి ఒట్టేస్తున్నారో ఆ రాజ్యాంగంలోనే రాజీనామా ఎలా చెయ్యాలో రాసుంది. ఎంపీలకి 101, ఎమ్మెల్యేలకి 190, రాష్ట్రపతికి 56వ అధికరణం, ఆయనైతే ఉపరాష్ట్రపతికి రాసివ్వాలి. ఆస్ట్రేలియా రాజ్యాంగంలో కూడా 37వ సెక్షన్ ఉంది, సభ్యుడు స్పీకర్‌కి రాసిచ్చి సీటు వదులుకోవచ్చని. రాజ్యాంగం చూపించిన దారిలో వెళ్తే రాజ్యాంగానికి ద్రోహం ఎలా అవుతుందండీ?

వెనక_బెంచీ
గడువు రాయలేదు కాబట్టి రేపే వెళ్ళిపోవచ్చు అంటారు. అప్పుడు ఆ ప్రమాణం ఎందుకు, ఫోటోలకా? పొద్దున ప్రమాణం చేసి సాయంత్రం రాజీనామా ఇస్తే కూడా మాట నిలబెట్టుకున్నట్టేనా మీ లెక్కలో?

చిరుజల్లు
బ్రో నువ్వు జోక్ గా అన్నావేమో కానీ దానికి దగ్గరగా జరిగింది 😀 కర్ణాటకలో 2018 మే 17న యడియూరప్ప ప్రమాణం, 19న బలపరీక్షకి ముందే రాజీనామా. రెండ్రోజులు. అయితే అక్కడ దిగకపోతేనే తప్పు కదా, మెజారిటీ లేకుండా కుర్చీ పట్టుకుని కూర్చోవడం రాజ్యాంగానికి విధేయతా?

పాతకాపు_2004
చిరుజల్లు చెప్పిన పాయింటే నాకు ముఖ్యం అనిపిస్తోంది. కొన్నిసార్లు రాజీనామా చెయ్యడమే ప్రమాణం నిలబెట్టుకోవడం. లాల్ బహదూర్ శాస్త్రి గారి సంగతి అందరూ చెప్పేదే, 1956లో అరియలూరు రైలు ప్రమాదం తర్వాత రైల్వే మంత్రిగా రాజీనామా చేశారు, అంతకుముందు అదే ఏడాది మహబూబ్‌నగర్ దగ్గర ప్రమాదం జరిగినప్పుడు కూడా ఇస్తానంటే నెహ్రూ ఒప్పుకోలేదు. ఆయన ప్రమాణం తప్పాడని అప్పుడూ ఎవరూ అనలేదు ఇప్పుడూ ఎవరూ అనరు.

కొత్త ఉదాహరణ కావాలంటే న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్, 2023 జనవరిలో ఇంక ఈ పనికి న్యాయం చేసే ఓపిక నాలో మిగల్లేదు అని చెప్పేసి తప్పుకుంది. బస్సు నడుపుతున్న డ్రైవర్ మధ్యలో దిగిపోతే తప్పే, కానీ కళ్ళు సరిగ్గా కనపడట్లేదని తెలిసి కూడా స్టీరింగ్ వదలకపోతే అది ఇంకా పెద్ద తప్పు.

వెనక_బెంచీ
పాతకాపు అన్నా, ఆ డ్రైవర్ ఇంకో డ్రైవర్ వచ్చేదాకా ఆగాలిగా? పైగా మీరు మంచి ఉదాహరణలే ఏరుకున్నారు. శాస్త్రి గారు మంత్రి పదవి వదిలారు, పార్లమెంటు సభ్యత్వం వదల్లేదు. జనం ఇచ్చిన సీటు వేరు, ప్రధాని ఇచ్చిన శాఖ వేరు. నేను అడిగేది జనం ఇచ్చిన సీటు గురించి. ఎమ్మెల్యేనో ఎంపీనో మధ్యలో పోతే ఆ నియోజకవర్గానికి ఉప ఎన్నిక జరిగేదాకా సభలో నోరే ఉండదు. చట్టం ఆర్నెల్లలో పెట్టాలంటుంది, అదే మిగిలిన టైం ఏడాది లోపు అయితే అసలు పెట్టక్కర్లేదు. 2018లో ప్రత్యేక హోదా కోసం ఏపీ నుంచి అయిదుగురు ఎంపీలు రాజీనామా చేశారు, ఏప్రిల్‌లో ఇస్తే జూన్‌లో ఆమోదం అయింది, టైం తక్కువ ఉందని ఉప ఎన్నికలే రాలేదు. ఆ అయిదు సీట్లూ ఖాళీగా ఉండిపోయాయి 2019 దాకా. ఆ జనానికి వీళ్ళు శ్రద్ధగా నిర్వహించిన కర్తవ్యం ఏంటి?

సందేహాల_పుట్ట
ఇది గట్టి పాయింట్. అంటే మంత్రి రాజీనామా, సభ్యుడి రాజీనామా ఒకే తాటికి కట్టకూడదు అన్నమాట.

కాగితప్పడవ
అసలు ఒకప్పుడు వెనకబెంచీ గారి వాదనే చట్టం. ఇంగ్లండ్‌లో 1624లో హౌస్ ఆఫ్ కామన్స్ తీర్మానం చేసింది, ఎన్నికైన సభ్యుడు తనంతట తను సీటు వదులుకోవడానికి వీల్లేదని. అది ఇప్పటికీ మారలేదు, నిజంగా!! ఈరోజుకీ బ్రిటన్ ఎంపీకి రాజీనామా అనేది లేదు. వెళ్ళిపోవాలనుకుంటే చిల్టర్న్ హండ్రెడ్స్ అనే పేరుకి మాత్రమే మిగిలిన ఒక పాత ఉద్యోగం కోసం (లేదా మేనర్ ఆఫ్ నార్త్‌స్టెడ్ అని ఇంకోటి) ఆర్థిక మంత్రికి అప్లై చేసుకోవాలి, ఆ ఉద్యోగం రాగానే రాజు కింద లాభదాయక పదవిలో ఉన్నాడు కాబట్టి సభ్యత్వం ఆటోమేటిక్‌గా పోతుంది. వందల ఏళ్ళుగా ఇదే నాటకం.

ఇందులో నాకు బాగా నచ్చిన కేసు జెరీ ఆడమ్స్‌ది. ఆయన పార్టీ సిన్ ఫెయిన్, ఉత్తర ఐర్లండ్‌ని ఐర్లండ్‌లో కలపాలనేవాళ్ళు. వాళ్ళు బ్రిటన్ రాజరికానికి విధేయత ప్రమాణం చెయ్యరు, అందుకే గెలిచినా సభలో కూర్చోరు. 2011లో ఐర్లండ్ ఎన్నికల్లో పోటీ చెయ్యడానికి ఆయన రాజీనామా లెటర్ పంపాడు. రాజరికం కింద ఉద్యోగం నేను అడగను అని ఆయన, అడిగినా అడక్కపోయినా ఇచ్చేశాం అని బ్రిటన్ ప్రభుత్వం. చివరికి ఆయన్ని నార్త్‌స్టెడ్‌లో వేసి సీటు ఖాళీ చేయించారు. ప్రమాణమే చెయ్యని మనిషికీ రాజీనామా ఉంది చూడండి. అంటే సీటు ఎన్నికతో వస్తుంది, ప్రమాణం ఆ సీట్లో కూర్చుని పని చెయ్యడానికి పెట్టిన షరతు. రెండూ ఒకటి కాదు.

లాయర్_కాని_లాయర్
సూపర్ కాగితప్పడవ గారు. మన దగ్గరా అంతే, ప్రమాణం చెయ్యకుండా సభలో కూర్చున్నా ఓటేసినా రోజుకి 500 రూపాయల జరిమానా అని 104, 193 అధికరణాల్లో ఉంది (500 ఇప్పటికీ అదే 500). సభ్యత్వం మాత్రం గెలిచినప్పుడే వచ్చింది.

అలాగే చట్టమే బలవంతంగా రాజీనామా చేయించే సందర్భాలున్నాయి. ఒకే సభకి రెండు చోట్ల గెలిస్తే ఒకటి వదలాలి, వదలకపోతే రెండూ పోతాయి. ఎమ్మెల్యేగా ఉంటూ ఎంపీ అయితే 14 రోజుల్లో ఎమ్మెల్యేగిరీ వదలాలి, లేకపోతే ఎంపీ సీటు పోతుంది. ఈ రెండో కేసులో మనిషి ఎమ్మెల్యేగా ప్రమాణం చేసే ఉంటాడు. రాజీనామాయే ప్రమాణ భంగం అయితే చట్టమే ప్రమాణ భంగం చెయ్యమని చెప్తున్నట్టు అవుతుంది, అలా ఉండదుగా.

చిరుజల్లు
రెండు చోట్ల పోటీ చేసేవాళ్ళ గురించి వేరే టాపిక్ పెట్టాలి అసలు. గెలిస్తే ఒకటి వదిలేస్తానని తెలిసే ఓటు అడుగుతారు 🙏

నిద్రపట్టని_రాత్రి
అందరూ ప్రమాణం ప్రమాణం అంటున్నారు, తప్పితే ఏమవుతుందో ఎవరూ చెప్పట్లేదు. నాకు తెలిసి ఏమీ అవ్వదు. కేరళలో 1980ల్లో బాలకృష్ణ పిళ్ళై అనే మంత్రి ఒక సభలో పంజాబ్ తరహా ఉద్యమం కావాలన్నట్టు మాట్లాడాడని, అది ప్రమాణానికి విరుద్ధమని కేసేస్తే హైకోర్టు ఫుల్ బెంచ్ ఏమందంటే ప్రమాణ భంగం అనేది అనర్హతల లిస్టులో లేదు, దాని మీద మంత్రిని తీసెయ్యడం కోర్టు పని కాదు, నియమించిన వాళ్ళు చూసుకోవాలి అని. కాబట్టి రాజీనామా ప్రమాణ భంగమే అని రేపు ఎవరైనా తేల్చినా దానికి శిక్ష లేదు. శిక్షగా పదవి తీసెయ్యాలి అనుకున్నా ఆయనే వదిలేశాడాయె.

పాతకాపు_2004
😂 చివరి లైను బావుంది. కానీ శిక్ష లేకపోతే తప్పు లేనట్టేనా, పోస్టు పెట్టినాయన అడిగింది అదే.

తప్పు రాజీనామాలో ఉందా రాజీనామాకి ముందు చేసిన పనిలో ఉందా అని విడదీసి చూడాలి. అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌ని తీసుకోండి. 1974 జులైలో అక్కడి దిగువ సభ న్యాయ కమిటీ (హౌస్ జ్యుడీషియరీ కమిటీ) మూడు ఇంపీచ్‌మెంట్ ఆర్టికల్స్, అంటే పదవి నుంచి తొలగించడానికి అభియోగాలు, ఆమోదించింది, వాటిలో అధ్యక్షుడిగా చేసిన రాజ్యాంగ ప్రమాణాన్ని ఉల్లంఘించాడు అని స్పష్టంగానే రాశారు. దేనికి? దర్యాప్తుకి అడ్డుపడినందుకు, అధికారాన్ని దుర్వినియోగం చేసినందుకు, కమిటీ అడిగినవి ఇవ్వనందుకు. ఆగస్టు 9న ఒకే ఒక్క వాక్యం రాసి విదేశాంగ మంత్రి కిసింజర్‌కి పంపి దిగిపోయాడు. దిగిపోవడం ప్రమాణ భంగం అని ఏ ఒక్కరూ అనలేదు. ప్రమాణం అంతకు ముందే తప్పాడు, రాజీనామాతో అది అక్కడితో ఆగింది.

వెనక_బెంచీ
ఆగింది అనకండి, తప్పించుకున్నాడు అనండి. విచారణ జరగకుండా దిగిపోవడానికి రాజీనామాని వాడుకోవడం కూడా ఒక రకం మోసమే కదా. మన దగ్గర అనర్హత వేటు పడుతుందని తెలిసి ముందే రాజీనామా ఇచ్చేవాళ్ళు ఎంతమంది లేరు.

లాయర్_కాని_లాయర్
దానికి సుప్రీంకోర్టు 2019 నవంబర్‌లో తాళం వేసింది, సగం తాళం అనుకోండి. కర్ణాటకలో 17 మంది ఎమ్మెల్యేల కేసు. రాజీనామా ఇచ్చినంత మాత్రాన అంతకు ముందు చేసిన ఫిరాయింపుకి అనర్హత తప్పదు అంది. అదే తీర్పులో ఇంకోటి కూడా అంది, స్పీకర్ చూడాల్సింది రెండే, రాజీనామా ఇష్టపూర్వకంగా ఇచ్చాడా, నిజమైనదేనా. ఎందుకు ఇచ్చాడు, వెనక ఏముంది అనేది ఆయన పని కాదు అని. సభ గడువు ముగిసేదాకా పోటీ చెయ్యకూడదని స్పీకర్ పెట్టిన నిషేధాన్ని కూడా కొట్టేసింది. అదే డిసెంబర్‌లో ఉప ఎన్నికలు జరిగితే వాళ్ళలో చాలామంది మళ్ళీ గెలిచి వచ్చారు.

అంటే ఉద్దేశం మంచిదా చెడ్డదా అని జడ్జ్ చేసే పని చట్టం ఎవరికీ ఇవ్వలేదు, ఓటరుకి తప్ప.

కాగితప్పడవ
ఆ ఇష్టపూర్వకంగా అనే రూల్ మొదట్నుంచీ లేదు. 1974కి ముందు రాజీనామా ఇస్తే సీటు ఖాళీ, అంతే. అవినీతి మీద గుజరాత్‌లో విద్యార్థుల ఉద్యమం నడిచినప్పుడు ఎమ్మెల్యేల మీద ఒత్తిడి పెట్టి, ఇళ్ళ చుట్టూ చేరి రాజీనామాలు రాయించారు, ఆ తర్వాత 33వ సవరణ తెచ్చి స్పీకర్ ఆమోదించాలి, బలవంతంగా రాయించిందైతే ఆమోదించకూడదు అని పెట్టారు. మంచికే పెట్టారు కానీ ఇప్పుడది స్పీకర్ చేతిలో ఆయుధం అయింది, కావాలంటే గంటలో ఓకే, వద్దంటే నెలలు. 2011లో తెలంగాణ కోసం వంద మంది దాకా ఎమ్మెల్యేలు ఇస్తే భావోద్వేగంలో ఇచ్చారని స్పీకర్ తిరస్కరించారు.

నిద్రపట్టని_రాత్రి
అయితే ఆ మధ్యలో ఉన్నవాళ్ళ పరిస్థితి ఏంటి? లెటర్ ఇచ్చాడు, ఆమోదం రాలేదు, సభకి రాడు, నియోజకవర్గంలో కనపడడు, జీతం మాత్రం పడుతుంది. నా దృష్టిలో నిజమైన ప్రమాణ భంగం ఇది. ఆమోదం అయ్యేదాకా నువ్వు సభ్యుడివే, ప్రమాణం నీ మీద ఉంది.

లాయర్_కాని_లాయర్
కరెక్ట్. అనుమతి లేకుండా 60 రోజులు సభకి రాకపోతే సీటు ఖాళీ అని ప్రకటించే అధికారం కూడా సభకి ఉంది (190లోనే, నాలుగో క్లాజు), ఎవరూ పెద్దగా వాడరనుకోండి.

వెనక_బెంచీ
ఇక్కడ నేనూ ఒప్పుకుంటా. రాజీనామా చెయ్యకుండా అయిదేళ్ళూ సభ మొహం చూడని వాళ్ళకంటే చేసి పోయినోడు నయం.

కానీ నా అసలు బాధ ఎవరూ టచ్ చెయ్యలేదు. ఓటు అడిగేటప్పుడు అయిదేళ్ళు మీ సేవలో ఉంటాను అంటాడు. ప్రమాణంలో గడువు లేకపోవచ్చు, ఆ మాటలో ఉంది.

పాతకాపు_2004
ఉంది. కానీ ఆ మాట నీకిచ్చాడు, ప్రమాణం రాజ్యాంగానికి చేశాడు. ఈ రెండిటినీ కలిపేస్తున్నావు కాబట్టే తేలట్లేదు. ప్రమాణ పాఠంలో ఓటరు అనే మాటే లేదు, నియోజకవర్గం అనీ లేదు. అది కావాలనే అలా పెట్టారేమో కూడా, ఎందుకంటే గెలిచినవాడు తనకి ఓటెయ్యని వాళ్ళకీ సభ్యుడే కదా. నీకిచ్చిన మాట తప్పాడనుకుంటే నీ చేతిలో ఉన్నది ఓటు, అంతకు మించి ఏమీ లేదు.

అది చిన్న ఆయుధం కూడా కాదు. కేజ్రీవాల్ 2014 ఫిబ్రవరిలో 49 రోజులకే రాజీనామా చేస్తే పారిపోయాడు అన్నారు, ఆయన తర్వాత ఊరూరా తిరిగి క్షమాపణ చెప్పుకున్నాడు. ప్రమాణం తప్పాను క్షమించండి అనలేదు గమనించు, మిమ్మల్ని అడక్కుండా వదిలేశాను అన్నాడు. 2015లో 70కి 67 ఇచ్చారు. బ్రిటన్‌లో డేవిడ్ డేవిస్ అయితే 2008లో అనుమానితుల్ని 42 రోజులు నిర్బంధించే బిల్లు మీద నిరసనగా సీటు వదిలి అదే సీటుకి మళ్ళీ నిలబడి గెలిచాడు. అది జనాన్ని వదిలెయ్యడం అంటావా, జనం దగ్గరికే వెళ్ళడం అంటావా?

కాగితప్పడవ
అన్నిసార్లూ గెలవరు కూడా. 1985 డిసెంబర్‌లో ఆంగ్లో ఐరిష్ ఒప్పందానికి (ఉత్తర ఐర్లండ్ వ్యవహారాల్లో ఐర్లండ్‌కి మాట చెప్పే అవకాశం ఇచ్చింది) వ్యతిరేకంగా ఉత్తర ఐర్లండ్ యూనియనిస్టు ఎంపీలు, అంటే బ్రిటన్‌తోనే ఉండాలనేవాళ్ళు, 15 మంది ఒకేసారి సీట్లు వదిలేశారు, తర్వాతి నెల ఉప ఎన్నికల్లో 14 తిరిగొచ్చాయి, ఒకటి పోయింది. ఒప్పందం మాత్రం అప్పుడు అలాగే ఉండిపోయింది.

చిరుజల్లు
నాదొక డౌట్. రాజీనామా చేసి ఉప ఎన్నికలో మళ్ళీ గెలిస్తే మళ్ళీ ప్రమాణం చెయ్యాలా, పాతది సరిపోదా?

లాయర్_కాని_లాయర్
మళ్ళీ చెయ్యాల్సిందే. పాత సీటుతో పాత ప్రమాణం అయిపోయింది. నా వాదనకి ఇంతకంటే మంచి రుజువు లేదు, ప్రమాణం మనిషికి జీవితాంతం అతుక్కునేది అయితే రెండోసారి అడగరు. ఒక్క మినహాయింపు మంత్రుల రహస్య ప్రమాణం, పదవి పోయినా అప్పుడు తెలిసిన విషయాలు బయట పెట్టకూడదు. రాజీనామా చేసి వారం తిరక్కుండా టీవీలో కూర్చుని కేబినెట్‌లో ఎవరేమన్నారో చెప్పేవాళ్ళున్నారే, ప్రమాణ భంగం అని పోస్టు పెట్టాలంటే వాళ్ళ మీద పెట్టాలి.

సందేహాల_పుట్ట
ఇది నేను అసలు ఆలోచించలేదు. దిగిపోయాక కూడా తప్పగలిగే ప్రమాణం ఒకటుందన్నమాట.

వెనక_బెంచీ
సరే లాయర్ కాని లాయర్ గారూ, ఆఖరి ప్రశ్న. సీటుతో పాటు ప్రమాణం అయిపోద్ది అన్నారు. 2024 జనవరి 28న నితీశ్ కుమార్ పొద్దున ముఖ్యమంత్రిగా రాజీనామా, సాయంత్రం ముఖ్యమంత్రిగా ప్రమాణం. అదే మనిషి, అదే కుర్చీ, అదే రోజు. భాగస్వాములు మాత్రం మారారు. పొద్దున ప్రమాణం అయిపోయిందా, సాయంత్రం కొత్తది మొదలైందా?

లాయర్_కాని_లాయర్
అవును, చట్ట ప్రకారం అంతే. రెండూ చెల్లుతాయి, ఏదీ తప్పలేదు. తొమ్మిదోసారి చేశాడాయన ఆరోజు.

వెనక_బెంచీ
తొమ్మిదిసార్లు చేస్తే కాగితం చూడకుండానే చదివేస్తాడేమో.

చిరుజల్లు
మళ్ళీ బిహార్ లోకి వెళ్ళాం, ఇంక ఎవరో ఒకరు పార్టీ జెండా పట్టుకుని వచ్చేస్తారు. రెండు చోట్ల పోటీ టాపిక్ నేను విడిగా పెడుతున్నా, ఆ గొడవ అక్కడ పడదాం రండి.